వెనుక కూర్చున్నవారి గాలి

మన పురాణములలో వాయువునకు ఆవహము, ప్రవహము, సంవహము, ఉద్వహము, వివహము, పరివహము, పరావహము అని యేడు భేదములు చెప్పబడినవి. మేఘములను నడుపునది యొకటి, సముద్రజలములను పైకి గొనిపోవునది యొకటి; ఇట్లు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని కలదు. చిన్ననాట మా తండ్రిగారు నాకు భారతము చెప్పుచు ఈ యేడింటిని కంఠస్థము చేయించిరి. కాని మోటారుసైకిలుపై భర్త వెనుక కూర్చున్న స్త్రీకి, ఆయన భుజముల మీదుగా విఱిగివచ్చి చెంపలను గొట్టు గాలి ఈ యేడింటిలో దేని క్రిందికి వచ్చునో ఏ పురాణమునను గానరాదు. దాని బాధ నెఱిగిన స్త్రీలు మన దేశమున లక్షలకొలది కలరు. అందుచేత దానిని గూర్చి నేను తెలిసికొన్న నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మోటారుసైకిలు మగవారి వాహనమని లోకులందురు. మన యూళ్లలో దానిపై ముందొకరు, వెనుక నొకరు, ఒక్కొక్కప్పుడు నడుమ బిడ్డయు గూర్చుండుట నిత్యము చూచుచున్నాము. ఆసుపత్రికి బోవలెనన్నను, పెండ్లికి బోవలెనన్నను, పుట్టింటికి బోవలెనన్నను ఆ వెనుక చోటే మనకు దిక్కు. బండి కొనునపుడు నడుపువారికి చేతులు అందునా, కాళ్లు అందునా యని దుకాణదారులు శ్రద్ధతో విచారింతురు. వెనుక కూర్చుండువారికి గాలి యెట్లు తగులుచున్నదని అడిగినవారిని నేను చూడలేదు.

మావారు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు. మేముండునది తాడేపల్లిగూడెమునకు దాపుననున్న యొక పల్లె. నా తండ్రిగారు గతించిన పిదప మా యమ్మ రాజమహేంద్రవరమున నొంటరిగా నున్నది. ప్రతి యాదివారము తెల్లవాఱుజామున బయలుదేఱి, కొవ్వూరు మీదుగా గోదావరి దాటి, ఆమెకు వారమునకు సరిపడు మందులను పూటపూటకు వేఱుచేసి డబ్బాలో సర్ది, వంట చేసి పెట్టి, సాయంకాలమునకు తిరిగివచ్చుట మాకు నియమమైనది. పోవుటకు 40 కిలోమీటర్లు, వచ్చుటకు 40 కిలోమీటర్లు. బస్సుపై బోయినచో మూడు తావుల మాఱవలెను, తిరిగివచ్చుటకు రాత్రియగును. కాబట్టి మోటారుసైకిలే మాకు గతి.

గడచిన వేసవిలో పడమటిగాలి ముదిరినపుడు, ఱొమ్మున గాలి కొట్టుచున్నదని మావారు పట్టణములో నొక దుకాణమున బండికి విండ్‌షీల్డు బిగింపించిరి. హ్యాండిలుకు ముందు నిలువుగా నుండు అద్దమది. ఎంత యెత్తైనచో అంత సుఖమని దుకాణమువాడు తలయెత్తు దానినే యిచ్చెను. మావారికి నిజముగానే సుఖమయ్యెను. నాకు మాత్రము ఆనాటినుండి కొత్త కష్టము ప్రారంభమయ్యెను. గాలి తగ్గలేదు సరిగదా, కుదురు తప్పినది. ఒక క్షణము లేదు, మఱుక్షణము కుడిచెంపపై గొట్టును. అంతలో ఎడమప్రక్కనుండి వచ్చును. హెల్మెటు తలతోగూడ అదురుచుండగా దారిప్రక్క బోర్డుపై అక్షరములు కలిసిపోయెడివి. ఇల్లు చేరిన పిదపగూడ చెవులలో హోరు, మెడపట్టు, రాత్రి వఱకు తలనొప్పి.

ఇట్లు నాలుగు వారములు గడచునప్పటికి ఆదివారమన్న నాకు దిగులు పుట్టసాగినది. తల్లిని చూడబోవు దినమునకు కూతురు భయపడుటకంటె దుఃఖమేమున్నది? మావారు నా యవస్థ చూచి, “నీకంత కష్టముగా నున్నచో నేనొక్కడనే పోయి మందులు సర్ది వచ్చెదను” అనిరి. వారి మంచితనమునకు లోపములేదు. కాని తల దువ్వుట, కాళ్లకు నూనె వ్రాయుట, వారము దినములు దాచుకొన్న మాటలు వినుట మొదలైనవి ఎంతటి యల్లుడైనను చేయదగిన పనులా? ఆ మాటలు అల్లునితో చెప్పుకొను అత్తగారును లేరు. కాబట్టి పోవుట మానుట గాక, గాలి సంగతి తేల్చుటయే కర్తవ్యమని తలచితిమి.

చిక్కు విప్పినవారు మా యత్తగారు. వారు వ్యవసాయపు టింట పుట్టి పెరిగినవారు. నేను చెప్పినదంతయు విని, బియ్యములో ఱాళ్లేఱుచునే, “వామి చాటున నిలబడి తూర్పారబడితే పొల్లంతా తిరిగొచ్చి కళ్లలోనే పడుతుందమ్మా. మీ బండికి అబ్బాయి వామి కట్టినట్టున్నాడు” అనిరి. మావారు చదువుచున్న పత్రికను మడిచి ప్రక్కనబెట్టి ఆలోచనలో బడిరి.

కళ్లమున ధాన్యము తూర్పారబట్టుట చూచినవారికి ఆ మాటలోని సత్యము తెలియును. బయలున గాలి యొకే దిక్కున వచ్చును. గింజలు కాళ్లకడ రాలును, పొల్లు దూరముగా బోవును. గడ్డివామి చాటున గాలి లేదని భ్రమపడి నిలుచున్నచో, వామి మీదుగాను ప్రక్కలనుండియు వచ్చిన గాలి వెనుక సుడులు తిరిగి, పోయిన పొల్లునే మరల తెచ్చి ముఖమున గొట్టును. బండికి కట్టిన ఎత్తైన అద్దము సరిగా అట్టి వామియే.

మావారు దీనిని వారి శాస్త్రరీతిగా నాకు బోధించిరి. గాలి యద్దమునకు తగిలి పైకిని ప్రక్కలకును చీలిపోవును. అద్దము వెనుక నున్న తావున గాలియొత్తిడి తక్కువగును. అంచు దాటిన ప్రవాహము ఆ కొఱతను బూరించుటకై లోపలికి మడగి, ముక్కలు ముక్కలుగా సుడులై వచ్చును. వరద దినములలో గోదావరి వంతెన స్తంభముల దిగువను చూడుడు. నీరు ఒకమాఱు కుడిప్రక్కను, ఒకమాఱు ఎడమప్రక్కను సుడి విడుచుచు బోవును. గాలికిని నీటికిని ఈ విషయమున భేదము లేదు. కరెంటు తీగలు గాలికి పాడుటయు నిందువలననే. 1878లో స్ట్రౌహాల్ అను బొహీమియా దేశపు పండితుడు తీగపాటను కొలిచి, గాలివేగము హెచ్చినకొలది స్వరము హెచ్చుననియు, తీగ లావైనకొలది స్వరము తగ్గుననియు నిరూపించెను. 1911లో కార్మాన్ అను హంగేరీ పండితుడు ఆ సుడుల వరుసలకు గణితము కట్టెను. సన్నని తీగ వెనుక సుడులు సెకనుకు వందలు పుట్టి పాటగా వినబడును. మనిషి తలయంత వస్తువు వెనుక, 60 కిలోమీటర్ల వేగమున, సెకనుకు ఇంచుమించు పది పదిహేను మాత్రమే పుట్టును. అది చెవికి పాట గాదు, మెడకు దెబ్బ.

ఇందు మొదట గ్రహింపదగిన విషయము, గాలి బలము వేఱు, గాలి విఱుపు వేఱు అనునది. బలమైన గాలియైనను నేరుగా వచ్చినచో శరీరము దానికి ఆనుకొని నిలువగలదు. విఱిగిన గాలి బలహీనమైనను, అది యెటునుండి వచ్చునో మెడ యెఱుగదు గనుక నరములు క్షణక్షణము బిగించుకొనుచునే యుండును. అలసట యంతయు నందుండియే.

మా పరీక్ష చాల చౌకైనది. మిగిలిన ఎఱ్ఱ ఊలు దారమును నాలుగంగుళముల పోగులుగా కత్తిరించి, ఒక్కొక్కదానిని ఒక కొనయందు టేపుతో అద్దము లోపల, వెలుపల, మావారి భుజములపై, హెల్మెటు వెనుకను అంటించితిని. గాలి పరీక్షించు ఇంజనీర్లును ఇట్టి పోగులనే యంటింతురట. జనసంచారము లేని వేళ కాలువగట్టు దారిని 40 కిలోమీటర్ల వేగమున మావారు బండి నడుపగా, నేను వెనుక గూర్చుండి చూచితిని. ఈ పరీక్షకు వెనుకవారే తగినవారు, ఏలయన ముందున్నవారికి తమ వీపు కనబడదు గదా! అద్దము వెలుపలి పోగులు చక్కగా అంటుకొని యుండెను. లోపలి పోగులు పైకి లేచి ఆడుచుండెను. భుజములపై నున్నవి, వెనుకకు బోవలసినవి, ముందునకు తిరిగి మావారి గడ్డమువైపు చూచుచుండెను. బండి ముందునకు బోవుచుండగా గాలి వెనుకనుండి వచ్చుచున్నదన్నమాట! పిదప అద్దము విప్పి మరల నడిపితిమి. పోగులన్నియు దువ్విన వెండ్రుకలవలె వెనుకకు వ్రాలెను. గాలి హెచ్చుగా తగిలినను నా తల కుదురుగా నుండెను.

అద్దము బొత్తిగా తీసివేసినచో మావారి ఱొమ్మునకు మరల కష్టము. కావున మధ్యమార్గము వెదకితిమి. ఎత్తైనదాని స్థానమున పొట్టియద్దము పెట్టించితిమి. దాని పైయంచు మావారి భుజములకంటె కొంచెము దిగువ నుండును. వారు అద్దము గుండ గాక దాని మీదుగా దారి చూతురు. ఇందుచేత ఱొమ్మునకు చాటు కలుగును, తలకు విఱుగని గాలి తగులును. అద్దము అడుగునకును హెడ్‌లైటునకును నడుమ రెండు వ్రేళ్ల సందు విడిపించితిమి. ఆ సందున గొంత గాలి లోపలికి వచ్చి వెనుకనున్న ఒత్తిడికొఱతను దీర్చును. అపుడు పైనుండి మడగివచ్చు సుడులు తగ్గును. అద్దమును కొంచెము వెనుకకు వాల్పించితిమి. ప్రతి మార్పునకు మరల ఊలుపోగులే సాక్షులు. ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు కలిపి చేసినచో గుణము దేనివలన గలిగినదో తెలియదు.

నా వంతు మార్పును ఒకటి కలదు. ఇంతకుముందు అమ్మకు దీసికొనిపోవు సంచిని మా యిద్దఱి నడుమ బెట్టుకొనెడివారము. ఆ యెడమున గాలి దూఱి సుడి తిరుగుచుండెను. ఇపుడు సంచి ప్రక్కపెట్టెలోనికి బోయినది. నేను ముందునకు జరిగి దగ్గఱగా గూర్చుందును. రెండు శరీరములు గాలికి ఒక్కటియైనచో నడుమ సుడికి చోటు లేదు.

వేగమును గూర్చిన లెక్కయు ఇల్లాండ్రు తెలిసికొనవలెను. వేగము రెట్టింపైనచో గాలిదెబ్బ రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. 30 నుండి 90కి పెంచినచో తొమ్మిది రెట్లు. మేము 75లో బోవుదారిని 60లో బోయినచో గాలిదెబ్బ మూడవ వంతుకంటె నెక్కువయే తగ్గును. 40 కిలోమీటర్ల దారికి 75లో 32 నిమిషములు, 60లో 40 నిమిషములు పట్టును. ఎనిమిది నిమిషములు విడిచి తలనొప్పిని విడిపించుకొనుట నష్టపు బేరము గాదు. అద్దమునకు డబ్బు చాలనివారు మొదట చేయదగిన చికిత్స యిదియే.

గాలిని పూర్తిగా మూసివేయుట క్షేమము గాదని పాశ్చాత్యులును నేర్చుకొనిరి. 1950వ దశకమున పందెపు మోటారుసైకిళ్లకు ముందుచక్రముతోసహా కప్పు పెద్ద తొడుగులు పెట్టెడివారు. ఇటలీలో మోటో గుజ్జి సంస్థ 1950లో మాండెల్లోయందు మోటారుసైకిళ్లకై గాలిసొరంగమునే కట్టించెను. తొడుగులవలన వేగము హెచ్చెను. కాని ప్రక్కగాలి వీచినపుడు ఆ తొడుగే తెరచాపయై బండిని త్రోవ తప్పించుటచే, 1957 తరువాత పందెములలో వానిని నిషేధించిరి. 1976లో జర్మనీ బి.ఎం.డబ్ల్యూ. సంస్థవారు గాలిసొరంగమున పరీక్షించి చేసిన తొడుగుతో ఒక బండిని అమ్మకమునకు దెచ్చిరి. గాలి నెదిరించి నిలుపుటకంటె దానికి పోవుదారి జూపుటయే మేలని ఇట్టి పరీక్షలన్నింటివలనను దేలుచున్నది.

శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యొకటి నాకు గోదావరి వంతెనపై గుర్తువచ్చును. పెద్దవృక్షములను బెకలించి తెచ్చుచున్నావే, ప్రబ్బలితీగ నెందుకు తేవని సముద్రుడు గంగ నడిగెనట. వేగము వచ్చినపుడు అది వంగును, పోయినపుడు లేచును, కావున దాని చోటు దానికి నిలుచునని గంగ చెప్పెను. 1974లో ప్రారంభమైన ఆ రైలు-రోడ్డు వంతెన పడమటనుండి తూర్పునకు పోవును. దక్షిణపుగాలి నదిమీదుగా అడ్డముగా వచ్చును. చెట్లచాటు దాటి వంతెన యెక్కినంతనే అది ఒక్కమాఱుగా తగులును. అపుడు బెదరి హ్యాండిలును బిగబట్టరాదు. చేతులు బిగిసినచో శరీరమునకు తగిలిన ప్రతి తాకుడును చక్రమునకు జేరును. వేగము తగ్గించి, మోకాళ్లతో ట్యాంకును బట్టి, చేతులు సడలించి నడుపవలెను. వెనుకవారు నడుపువారితోబాటే ఒరుగవలెను గాని, భయముతో ఎదురుదిక్కునకు వ్రాలరాదు. పెద్ద లారీ దాటిపోవునపుడు గాలి మొదట దూరమునకు నెట్టి, వెంటనే దానివైపునకు లాగును. ఇది తెలిసి ముందే ఎడమప్రక్కకు చోటిచ్చినచో గండము లేదు. లారీ వెనుక దగ్గఱగా బోవుట మంచిది కాదు. సుడులన్నియు అచటనే యుండును, ముందుదారియు గనబడదు.

ఇక చీర సంగతి. అదే పర్వమున బూరుగుచెట్టు కథయు గలదు. తాను వాయువునకు వెఱవనని నారదునితో బీరములు పలికిన యా చెట్టు, మఱునాడు వాయువు వచ్చుచున్నాడని విని, తన కొమ్మలను, ఆకులను, పూవులను తానే రాల్చుకొని నిలిచెనట. ఆ చెట్టు భయముతో చేసిన పనిని మనము వివేకముతో ముందే చేయవలెను. ఎగురునది ఏదియు శరీరముపై నుండరాదు. పమిట చుట్టి నడుమున దోపవలెను; చున్నీ ముడివేసి లోపల జొనుపవలెను; జడను బట్టలోనికి దాచవలెను. ఎగురు కొంగు గాలిసుడిచే వెనుకచక్రమువైపునకే లాగబడును. చక్రమున జిక్కినచో ప్రాణాపాయము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది, వెనుక కూర్చుండువారికి పట్టుకొను పిడియు, కాళ్లు పెట్టుకొను మెట్టును, వెనుకచక్రమును సగమునకు తక్కువ గాకుండ గప్పు రక్షణయు నుండవలెనని విధించుచున్నది. మనము శారీగార్డు అనునది అదియే. అందమునకు అడ్డమని దానిని విప్పించు కుఱ్ఱవాండ్రను ఇంటి స్త్రీలు అడ్డవలెను.

ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండుట మన యలవాటు. అట్లు కూర్చున్నపుడు మోకాళ్లు ఒక వైపునకు వెలికివచ్చి గాలిని పట్టును. బండి బరువును ఒక ప్రక్కకు ఒరుగును. నేను దూరప్రయాణములకు సల్వారు ధరించి, రెండువైపుల కాళ్లు వేసి కూర్చుందును. మొదట ఊరివారేమందురో యనుకొంటిని. మా యత్తగారే “పడిపోకుండా వెళ్లి రండి, అదే పదివేలు” అని పంపిరి.

హెల్మెటు గాలికి పైకి లేవకుండ తలకు సరిపడవలెను. గడ్డము క్రింది పట్టీ బిగించనిది పెట్టుకొననట్లే. 1988 నాటి చట్టము 129వ సెక్షను ప్రకారము వెనుకవారికిని అది విధియే. తలపాగా ధరించు సిక్కులకు మాత్రము మినహాయింపు కలదు. 60 కిలోమీటర్ల వేగమున హెల్మెటు లోపలి గాలిరొద సుమారు 90 డెసిబెళ్లుండును. గాలి యెక్కువగా గడ్డము క్రిందినుండి దూఱును గనుక, మెత్తని నూలుగుడ్డ మెడకు జుట్టి కొసలు లోపల దోపినచో రొద కొంత తగ్గును. చెవులలో పాటలు పెట్టుకొనుట మాత్రము కూడదు. వెనుకవచ్చు బండి కూత వినబడవలెను గదా. నాలుగేండ్లలోపు బిడ్డను తీసికొనిపోవునపుడు బిడ్డకు పట్టీకట్టు, హెల్మెటు నుండవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నిబంధన ప్రకటించిరి. పసివాని మెడ మన మెడకంటె ఎంత లేతదో తల్లులకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇపుడు నాకు గాలి బొత్తిగా లేదని చెప్పను. లారీల దారిలో ఇంకను తగులుచునే యున్నది. కాని తల అదురుట పోయినది, రాత్రి తలనొప్పి పోయినది. అమ్మ యింట మెట్లెక్కునపుడు మెడ పట్టుకొని గూలబడక, తిన్నగా వంటయింటికి బోయి పొయ్యి వెలిగింపగలుగుచున్నాను.

మగవారికి నా మనవి యొక్కటే. బండికి ఏ వస్తువు తగిలించినను, దానిని మొదటి దినమున పది కిలోమీటర్లు నడిపి, దిగినపిమ్మట వెనుక కూర్చున్నవారిని “నీకెట్లున్నది?” అని యడుగుడు. సోదరీమణులారా, అడిగినపుడు “ఏమున్నది, బాగుగనే యున్నది” అని మర్యాదకు చెప్పకుడు. ఎచట తగులుచున్నదో, ఎంత వేగమున తగులుచున్నదో, ఏ ప్రక్కనుండి వచ్చుచున్నదో విడమరచి చెప్పుడు. ఆ మాటలు ఫిర్యాదులు గావు. బండి బాగుచేయువానికి ఆధారములు.